వాగ్దాన కార్డు వచ్చింది కదా అని పూణే బండెక్కొచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది వనపర్తి దగ్గర పల్లె. రెండెకరాల వేరుశనగ చేను, అది కూడా వాన పడితేనే. మా ఆయన, కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పూణేకు బిల్డింగ్ పనికి పోదాం అంటున్నాడు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని డబ్బాలోంచి తీసుకునే బైబిల్ వాక్యం కార్డు, అదే వాగ్దాన కార్డు, మాకు వచ్చింది ఆదికాండము 28:15, "నీవు వెళ్లు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుచు" అని. ఇక దేవుడే పొమ్మన్నాడు అని ఆయన పట్టుదల. పాప ఐదు పూర్తి చేసింది, బాబు మూడో తరగతి. వాళ్ల చదువు తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. నేను వద్దంటే అవిశ్వాసం అవుతుందా? - ఒక సోదరి

జవాబు: కానే కాదమ్మా. పిల్లల చదువు గురించి తల్లి అడిగే మాటను అవిశ్వాసం అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు, మీ ఆయనకైనా, మీ పాస్టర్ గారికైనా.

వాగ్దాన కార్డులను నేను తక్కువ చేయను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఏడాదంతా కష్టాల్లో నిలబడినవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. అయితే ఒక్కటి ఆలోచించండి, అదే డబ్బాలో పక్కనున్న కార్డు చేతికొచ్చి, అందులో "ఊరకుండుడి" అనే కీర్తన 46:10 ఉండి ఉంటే మీ ఆయన ప్రయాణం మానుకునేవాడా? కార్డు రాకముందే ఆయన మనసులో పూణే ఉంది. అందులో తప్పేమీ లేదు, వానాధారం చేను ఉన్న మనిషికి అలాంటి ఆలోచన రాక ఏం చేస్తుంది? కానీ ఆ నిర్ణయం తనదని ఒప్పుకోవాలి. దేవుని పేరు పెట్టేస్తే ఇక ఇంట్లో ఎవరూ నోరెత్తడానికి ఉండదు, నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ఆ వాక్యాన్నే పూర్తిగా చదవండి, ఇద్దరూ కలిసి. అది యాకోబుతో చెప్పిన మాట. అన్న ఏశావుకు భయపడి ఇల్లు వదిలి హారాను దారి పట్టినవాడికి, రాయి తలకింద పెట్టుకుని పడుకున్న రాత్రి దేవుడు ఇచ్చిన ధైర్యం. తోడుంటాను, కాపాడతాను, తిరిగి ఈ దేశానికి తీసుకొస్తాను అన్నాడు. ఆ తర్వాత ఏమైంది? మామ లాబాను దగ్గర 20 ఏళ్లు చాకిరీ చేశాడు, మామ పదిసార్లు జీతం మార్చాడు అని 31వ అధ్యాయంలో యాకోబే చెప్పుకుంటాడు. దేవుడు తోడు లేక కాదు, ఉన్నాడు. తోడుండగానే మోసం చేసే యజమాని కూడా ఉన్నాడు. అందుకే వాగ్దానం చేతిలో ఉన్నా మేస్త్రీని గట్టిగా అడగాల్సిందే: అడ్వాన్స్ మొత్తం ఎంత, రోజుకూలిలో ఎంత పట్టుకుంటారు, జ్వరమొచ్చి పనికి పోకపోతే ఏంటి, ఉండేది ఎక్కడ, మధ్యలో తిరిగొస్తే బాకీ ఎలా తీరుతుంది. కాగితం మీద రాయించుకోండి. పాలమూరు వాళ్లకు నేను వలస గురించి చెప్పేదేముంది, అడ్వాన్స్ తీరక మళ్లీ అదే మేస్త్రీ వెంట పోయిన కుటుంబాలు మీ ఊళ్లోనే ఉంటాయి, వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని అడగండి. దేవుడు నడిపించే దారుల్లో అదీ ఒకటి, ఆలోచన చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉండటం మేలని సామెతలు 11:14 చెబుతుంది.

పిల్లల సంగతి మాత్రం ముందు తేలాలి. సొంత ఇంటివాళ్లను చూసుకోవాలని 1 తిమోతి 5:8లో దేవుడు తన ఇష్టాన్ని ఎప్పుడో చెప్పేశాడు, దానికి కొత్తగా ఏ కార్డూ అక్కర్లేదు. పాప ఆరో తరగతికి వస్తోంది కాబట్టి కస్తూర్బా బాలికా విద్యాలయంలో హాస్టల్ సీటు గురించి మండలంలో కనుక్కోండి. బాబును చూసుకునే నాయనమ్మో అమ్మమ్మో ఉన్నారా? లేకపోతే మీరు ఇక్కడే ఉండి ఆయన ఒక్కడే కొన్ని నెలలు వెళ్లి రావడం కుదురుతుందా? ఇవి మాట్లాడుకున్నాకే అడ్వాన్స్ ముట్టుకోండి. తీసుకున్నాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: దేవరకొండ వైపు రైతును. ఇప్పటికే రెండు బోర్లు ఫెయిలయ్యాయి. ఒక దైవజనుడు చేనులో ప్రార్థన చేసి, ఫలానా మూలన నీళ్లు పడతాయని ప్రభువు చూపించాడు అన్నారు. అప్పు తెచ్చి మూడోది వేయమంటారా? - ఒక సోదరుడు

జవాబు: తమ్ముడూ, ఆ అప్పు తేవద్దు. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమనుకోకు, మన నల్గొండ జిల్లాలో బోరు అప్పు, దాని మీద మిత్తి ఎన్ని కొంపలు ముంచిందో నీకూ తెలుసు.

ఆ దైవజనుడు అబద్ధమాడాడని నేను అనట్లేదు. మంచివాళ్లు కూడా తమ మనసులోని ఆశను దేవుని మాట అనుకునే ప్రమాదం ఉంది. 2 సమూయేలు 7లో నాతాను ప్రవక్త అంతటివాడు మందిరం కడతానన్న దావీదుతో, యెహోవా నీకు తోడున్నాడు, నీకు తోచినట్టు చెయ్యి అనేశాడు. ఆ రాత్రే దేవుడు ఆ మాటను సరిచేశాడు, నాతాను వెళ్లి దావీదుకు మార్చి చెప్పాడు. పౌలు కూడా ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దంటూ, వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు (1 థెస్సలొనీక 5:20-21). పరీక్షించడం అంటే నీ విషయంలో చాలా మామూలు పని. భూగర్భ జల శాఖ వాళ్లను అడుగు, చుట్టుపక్కల చేన్లలో ఏ లోతులో పడ్డాయో, ఏవి ఎండిపోయాయో కనుక్కో. మనది గట్టి రాతినేల, నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలోనే, ఒక చేనులో పడి గట్టు అవతల పడకపోవడం మామూలే.

ఇంకో మాట. గిద్యోను కూడా గొర్రెబొచ్చు మీద మంచు పడేలా చేయమని దేవుణ్ణి గుర్తు అడగలేదా అని చాలామంది అంటారు. న్యాయాధిపతులు 6 చదువు, ఇశ్రాయేలును రక్షించమని దేవుడు ముందే స్పష్టంగా చెప్పాక, భయంతో అడిగాడు. దేవుడు ఓర్చుకుని ఇచ్చాడు. దేవుడు చెప్పనిదాన్ని ఆయన చేత చెప్పించడానికి కాదది. ఈ ఏడాదికి నీళ్లు తక్కువ తాగే పంట చూసుకుని, ఉన్న అప్పు తీర్చుకునే దారి వెతుకు. భార్యతో కూడా మాట్లాడు, ఉత్తరంలో ఆమె మాట ఎక్కడా లేదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. హైదరాబాద్ ఆసుపత్రిలో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎంత ప్రార్థించినా టెన్షన్ పోవట్లేదు. మనశ్శాంతి లేదంటే అది దేవుని చిత్తం కాదనే కదా? - ఒక చెల్లి

జవాబు: అలా అనుకోవద్దమ్మా. గెత్సేమనే తోటలో యేసు చెమట రక్తబిందువుల్లా పడింది అని లూకా రాశాడు, ఆ గంటలో ఆయన తండ్రి చిత్తం మధ్యలోనే ఉన్నాడు. కొత్త చోటికి పోతుంటే, అమ్మను వదిలి పోతుంటే గుండె దడదడలాడుతుంది, అది ప్రేమ వల్ల వచ్చే దడ. ప్రార్థన మానొద్దు, కానీ దడ తగ్గాకే నిర్ణయం అని కూర్చోవద్దు.

నువ్వు అమ్మను అడిగావా? తన తరఫున నువ్వే భయపడుతున్నావేమో. హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే, సెలవు రోజున వచ్చి పోవచ్చు, నైట్ డ్యూటీలు వారానికి ఎన్ని, వరుసగా రెండు సెలవులు ఇస్తారా అనేది ఆ ఆసుపత్రి వాళ్లనే అడిగి తెలుసుకో. రెండు దారుల్లోనూ పాపం లేనప్పుడు దేవుడు నీకు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడు, తప్పు దారి ఎక్కితే వదిలేస్తాడేమో అని వణకక్కర్లేదు. వెళ్తున్నావో లేదో మాత్రం వాళ్లు ఇచ్చిన గడువులోపే చెప్పేయ్, ఆ పోస్టు కోసం ఇంకో నర్సు ఎదురుచూస్తూ ఉంటుంది.