చెన్నైలో ఉంటూ తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టు కావాలంటే ఏం చేయాలి?

మంచి గొంతు ఉంటే చాలదు, తెరమీది పెదవులు చదవడం రావాలి. తమిళ నటుడి పెదవులు మూసుకున్న చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. అతను ‘పో’ అన్నప్పుడు మనం ‘వెళ్ళు’ అంటే అతకదు, ‘పద’ అంటే అతుకుతుంది. మాటల రచయిత చాలావరకు చూసుకుంటారు. మిగిలింది మైకు దగ్గర సర్దుకోవాలి.

ఇంట్లో సాధన చేయాలంటే తమిళ సీరియల్‌లో ఒక నిమిషం సీను తీసుకోండి. తెలుగులో రాసి, ఫోన్లో రికార్డు చేసి, శబ్దం తీసేసిన వీడియోతో కలిపి చూడండి. చెన్నైలో పెరిగిన వారికి ఎక్కువగా దెబ్బతినేది ఒత్తుల దగ్గర. ‘భయం’ ‘బయం’ అవుతుంది, వాక్యం చివర తమిళ యాస దూరుతుంది. రోజూ తెలుగు పేపరు గట్టిగా చదవడమే దీనికి మందు.

మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు నిలబడాలి. ఎదురుగా నిలబడితే ప, ఫ పలికినప్పుడు గాలి కొట్టి ఆ టేకు (ఒకసారి చేసిన రికార్డింగు) పాడవుతుంది. అరిచే సీనుకు అడుగు వెనక్కి జరగాలి, లేదంటే శబ్దం పగులుతుంది. గాజులు, గరగరలాడే పట్టుచీర వద్దు.

మొదట దొరికేవి గుంపు అరుపులు, ఒక్క డైలాగు పాత్రలే. వడపళని, సాలిగ్రామం వైపు స్టూడియోల్లో డబ్బింగ్ కోఆర్డినేటర్లకు (పాత్రలకు గొంతులు కుదిర్చేవారికి) వాయిస్ శాంపిల్ ఇవ్వండి. సంతోషం, కోపం, ఏడుపు కలిపి రెండు నిమిషాలు మించకూడదు. అవకాశం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారి జోలికి పోవద్దు. డబ్బింగ్ ఆర్టిస్టుల యూనియన్ సభ్యత్వ రుసుము వేరు, దాన్ని నేరుగా ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి.