కంప్యూటర్ సందేహాలు: వర్డ్‌లో సొంత షార్ట్‌కట్లు

ప్రశ్న: వర్డ్‌లో తెలుగు టైప్ చేస్తుంటాను. ‘సాఫ్ట్‌వేర్’ అని కొడితే ట కింద వ వత్తు పడి ‘సాఫ్ట్వేర్’ అవుతోంది. ప్రతిసారీ సరైన మాటను వేరేచోట నుంచి కాపీ చేసి అతికిస్తున్నాను. దీనికి ఒక మీట పెట్టుకునే వీలుందా? – తెనాలి పాఠకురాలు

జవాబు: ఉంది. తెలుగులో పనిచేసేవాళ్ళు అన్నిటికంటే ముందు పెట్టుకోవలసిన షార్ట్‌కట్ ఇదే. పొల్లు పక్కన హల్లు వస్తే కలిపి వత్తుగా చూపించడం తెలుగు ఫాంట్ల పద్ధతి. రెండింటినీ విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడాలి. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పద్ధతిలో, దాని సంఖ్య 200సి.

ఇన్సర్ట్‌లో సింబల్, అందులో మోర్ సింబల్స్ తెరవండి. స్పెషల్ క్యారెక్టర్స్ ట్యాబ్‌లో ‘నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్’ను ఎంచుకోండి. దాని పక్కనే ఉండే ‘నో-విడ్త్ నాన్ బ్రేక్’ వేరే అక్షరం, అది పనికిరాదు. కింద ఉన్న ‘షార్ట్‌కట్ కీ’ బటన్ నొక్కితే ఇంకో పెట్టె వస్తుంది. ఈలోపు కీబోర్డును ఇంగ్లీషుకు మార్చుకోండి. ‘ప్రెస్ న్యూ షార్ట్‌కట్ కీ’ గడిలో కర్సర్ పెట్టి, ఉదాహరణకు, ఆల్ట్+కె నొక్కండి. పేరు టైప్ చేయకూడదు, మీటలనే నొక్కాలి. తరువాత ‘అసైన్’, ఆపైన ‘క్లోజ్’. అసైన్ నొక్కకుండా మూసేస్తే ఏదీ నమోదు కాదు. చాలామందికి షార్ట్‌కట్ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఇక ‘సాఫ్ట్’ కొట్టి, ఆల్ట్+కె నొక్కి, ‘వేర్’ కొట్టి చూడండి.

మీట ఎంచుకునేటప్పుడు ‘కరెంట్‌లీ అసైన్డ్ టు’ అన్నచోట ఏమున్నదో చదవండి. ఏదైనా ఆదేశం పేరు కనబడితే, మీరు అసైన్ నొక్కగానే ఆ పాత పని పోతుంది. అయితే ఈ సమాచారాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు. ఆల్ట్+ఎన్‌కు ‘అన్అసైన్డ్’ అనే చూపిస్తుంది, కానీ రిబ్బన్‌లో (పైన ఉండే బటన్ల పట్టీలో) ఇన్సర్ట్ తెరిచేది ఆ మీటే. ఆల్ట్‌తో ఎఫ్, హెచ్, ఎన్, పి వంటివి వాడకండి.

ఎప్పుడో ఒకసారి అవసరపడే వారికి షార్ట్‌కట్ అక్కర్లేదు. పొల్లు తరువాత ఇంగ్లీషులో 200సి అని కొట్టి, వెంటనే ఆల్ట్+ఎక్స్ నొక్కితే ఆ నాలుగూ మాయమై కావలసిన అక్షరం చేరుతుంది.

ప్రశ్న: కంట్రోల్+ఆల్ట్+1, 2, 3 శీర్షికలకు ఉన్నాయి కదా అని హెడింగ్ 4 స్టైల్‌కు కంట్రోల్+ఆల్ట్+4 ఇచ్చాను. అప్పటినుంచి వర్డ్‌లో రూపాయి గుర్తు రావడం లేదు. – కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఇంగ్లీష్ (ఇండియా) కీబోర్డులో కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కితే ₹ పడుతుంది. కుడి ఆల్ట్‌ను విండోస్ కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే లెక్కిస్తుంది. అందుకే మీ షార్ట్‌కట్ దానికి అడ్డుపడుతోంది. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్ళి కింద ‘కీబోర్డ్ షార్ట్‌కట్స్’ పక్కనున్న కస్టమైజ్ నొక్కండి. కేటగిరీల్లో చివరికి వెళ్తే స్టైల్స్ ఉంటుంది. అందులో హెడింగ్ 4 ఎంచుకుని, ‘కరెంట్ కీస్’లోని మీటను గుర్తించి ‘రిమూవ్’ చేయండి. బదులుగా కంట్రోల్+4 ఇవ్వండి. కంట్రోల్+1, 2, 5 మాత్రం వద్దు, అవి లైన్ల మధ్య ఎడానికి వాడేవి. ‘రీసెట్ ఆల్’ జోలికి అసలు పోవద్దు, మీరు పెట్టుకున్న మిగతా షార్ట్‌కట్లన్నీ పోతాయి.

ప్రశ్న: పెట్టుకున్న షార్ట్‌కట్లు మర్నాడు ఉండటం లేదు. కొత్త కంప్యూటర్‌కు తీసుకెళ్ళవచ్చా?

జవాబు: షార్ట్‌కట్ ఇచ్చే పెట్టెలో ‘సేవ్ చేంజెస్ ఇన్’ అన్నచోట నార్మల్ టెంప్లేట్ (కొత్త పత్రాలన్నిటికీ వర్డ్ వాడే మూల ఫైలు) బదులు తెరిచి ఉన్న పత్రం పేరు ఉంటే, అవి ఆ పత్రంలోనే పనిచేస్తాయి. నార్మల్ అనే ఉంటే ఇంకో కారణం చూడాలి. వర్డ్‌ను మూసేటప్పుడే సాధారణంగా ఆ టెంప్లేట్ సేవ్ అవుతుంది. కరెంటు పోయినా, టాస్క్ మేనేజర్‌తో వర్డ్‌ను ఆపేసినా మార్పులు నిలవవు. కొత్త షార్ట్‌కట్ పెట్టగానే ఒకసారి వర్డ్‌ను పూర్తిగా మూసి తెరవండి.

కొత్త కంప్యూటర్‌కు తీసుకెళ్ళవలసింది ఈ నార్మల్ టెంప్లేట్ ఫైలునే (Normal.dotm). అది మీ యూజర్ ఫోల్డర్‌లో ఆప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, టెంప్లేట్స్ అనే వరుసలో ఉంటుంది. ఆప్‌డేటా దాచిన ఫోల్డర్, కాబట్టి హిడెన్ ఐటమ్స్ చూపించమని పెట్టాలి. వర్డ్ మూసి ఉన్నప్పుడే కాపీ చేయండి. కొత్త కంప్యూటర్‌లో అదే పేరుతో ఉన్న ఫైలులో మాక్రోలు, స్టైల్స్ కూడా ఉండవచ్చు, ముందు దాని పేరు మార్చి భద్రపరచండి.

ప్రశ్న: లిబ్రేఆఫీస్‌లో, గూగుల్ డాక్స్‌లో ఇలా వీలవుతుందా?

జవాబు: లిబ్రేఆఫీస్ రైటర్‌లో టూల్స్, కస్టమైజ్, కీబోర్డ్ ట్యాబ్. పైన ‘రైటర్’ ఎంచుకోండి, ‘లిబ్రేఆఫీస్’ అని ఉంచితే అది అన్ని ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. పైజాబితాలో మీటను, కింద పనిని ఎంచుకుని ‘అసైన్’ (పాత వెర్షన్లలో ‘మాడిఫై’) నొక్కాలి. బూడిదరంగులో కనబడే మీటలు మార్చడానికి వీల్లేనివి. అక్కడే ఉన్న ‘సేవ్’తో మొత్తాన్నీ ఒక ఫైలుగా దాచుకుని, ఇంకో కంప్యూటర్‌లో ‘లోడ్’ చేసుకోవచ్చు. ఈ విషయంలో వర్డ్ కంటే ఇదే సుఖం.

గూగుల్ డాక్స్‌లో షార్ట్‌కట్లు మార్చే వీలు లేదు. టూల్స్, ప్రిఫరెన్సెస్‌లోని ‘సబ్‌స్టిట్యూషన్స్’లో ఒక పొట్టి మాట ఇచ్చి, దాని బదులు పడవలసిన పాఠం రాసుకోవచ్చు. అయితే అది అక్షరాలకే పనికొస్తుంది, స్టైళ్ళకు కాదు.