గువ్వల అర్రకు ముందు నేల చూస్కో

బిడ్డా,

స్లాబు మీద కట్టిన జాలి అర్ర ఫోటో చూసిన. మస్తు కష్టపడ్డవ్. జాలి బిగుతుగ ఉంది, తలుపు మంచిగ కూసున్నది. ఇందుల డైమండ్ గువ్వల జత, పిచ్చుకలసుంటి ఫించ్‌లు, నాలుగు లవ్ బర్డ్స్ కలిపి పెంచుత అన్నవ్ గదా, అందుకే ఫోన్ల చెప్పకుండ కాయితం మీద రాస్తున్న. దాచిపెట్టుకుంటే మళ్ల మళ్ల చూస్కోవచ్చు.

ఫోటోల నా కన్ను నేల మీదనే పడ్డది. నీ అర్రల కర్రలు, గింజల డబ్బాలు, నీళ్ల సీసాలు అన్నీ పైననే ఉన్నయ్. గువ్వ కింద బతికే పిట్ట. నడుచుకుంట ఏరుక తింటది, నేల మీదనే ఎండకు పండుకుంటది. పైన కూసున్న పిట్టలు వేసే రెట్ట దాని నెత్తిన, దాని గింజలల్ల పడుతది. కాక్సిడియా అనే పేగుల రోగం, కడుపుల పురుగులు వచ్చేది ఆ రెట్టతోనే. అందుకని నేలను సిమెంటుతో కొంచెం వాలుగ చేయించు, కడిగితే నీళ్లు నిలవొద్దు. దాని మీద రెండు అంగుళాలు ఎండిన వాగు ఇసుక పొయ్యి. రెండు రోజులకోసారి జల్లెడ పట్టు, నెలకోసారి మార్చు. ఊడ్చేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో, పిట్టల దుమ్ము మన ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక మూలకు కర్రలు లేకుండ ఖాళీ ఉంచి, గింజల మూకుడు అక్కడ పెట్టు. పైన కర్ర లేకుంటే రెట్ట పడదు. ఈ ఒక్క పని చేసినంక నా అర్రల సగం రోగాలు పోయినయ్.

పైకప్పు సగమన్న మూసి ఉండాలె. ఊరి పావురాలు పైన వాలి రెట్ట వేస్తయ్, వాటితోని గొంతుల పసుపుపచ్చ జున్ను లెక్క పెరిగే క్యాంకర్ రోగం రావచ్చు. జాలి కన్ను అర అంగుళం కంటె పెద్దగ ఉంటే పాము దూరుతది. తలుపుకు లోపల ఇంకో చిన్న తలుపు పెట్టు. ఒకటి మూసినంకనే ఇంకోటి తెరువు.

రాత్రి సంగతి వేరేగ చెప్త. గువ్వ బెదిరితే నిట్టనిలువుగ పైకి లేస్తది. నేను మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక పిల్లి నడిరాత్రి రేకు మీద నడిచింది. పొద్దుగాల పోయి చూస్తే ఆడగువ్వ ఇసుకల పడి ఉన్నది, నెత్తి పగిలి. గూట్లె రెండు పిల్లలు, ఎనిమిది దినాలవి. మగది ఒక్కటే సాది వాటిని బతికించింది. ఆ పిట్టను చూసినప్పుడల్ల నాకు ఇప్పటికీ కళ్లల్ల నీళ్లొస్తయ్. అప్పటి నుంచి రేకు కింద జానెడు వదిలి మెత్తటి నైలాన్ వల కట్టిన, రాత్రంత జీరో బల్బు వేసి ఉంచుత. బెదిరినా వలకు తాకి మెల్లగ దిగుతయ్, ఆ వెలుతురుల మళ్ల కర్ర దొరుకుతది.

ఇగ తోడు పిట్టల ముచ్చట. లవ్ బర్డ్స్ వద్దు బిడ్డా. అంగట్ల ఆ పేరుతోని అమ్మేవి చాలవరకు బడ్జీలు, చిన్న చిలుక జాతి. వాటి ముక్కు కత్తెర లెక్క. ఒక్కోసారి నెలల తరబడి ఏమీ చెయ్యవు, ఒకదినం గువ్వ కాలి వేలు కొరికి తీస్తయ్. గువ్వకు కొట్లాడే ముక్కు లేదు, అరవదు, మూలకు పోయి కూసుంటది, నీకు తెలిసేసరికి ఆలస్యం అయితది. అసలు లవ్ బర్డ్స్ అయితే ఇంకా కోపిష్టివి. ఫించ్‌లు సరే. బెంగాలీ ఫించ్ అన్నిటికంటె సాధువు. జీబ్రా ఫించ్ చురుకు ఎక్కువ, గూడు కట్టే తొందరల పొదుగుతున్న గువ్వ వీపు మీది ఈకలు పీకుతది. వాటికి కావలసినంత కొబ్బరి పీచు, ఎండు గడ్డి ముందే వేసి పెడితే ఆ బాధ తగ్గుతది. పది అడుగులు, ఆరు అడుగుల అర్రకు ఫించ్‌లు నాలుగైదు జతలు, గువ్వలు ఒక్క జత చాలు. రెండో జత వెయ్యకు, మగవి రెండూ ఒకదాన్నొకటి తరుముకుంట పొదగనియ్యవు.

మన చెట్ల మీద కూసే గువ్వలను, రామచిలుకలను మాత్రం ఎవరు తెచ్చిచ్చినా తీస్కోకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. డైమండ్ గువ్వ ఆస్ట్రేలియా పిట్ట, ఎన్నో తరాలుగ పంజరాలల్ల పుట్టి పెరుగుతున్నది. అక్కడ ఎండిన నేలలల్ల, నీళ్లు దగ్గర ఉన్న చోట బతుకుతది. అందుకే పొడి ఎండను తట్టుకుంటది గని, రేకు కింది ఉడుకును తట్టుకోదు. మీ మంచిర్యాల ఎండ మా హన్మకొండ కంటె ఏం తక్కువ కాదు, మే నెలల 44, 45 డిగ్రీలు అయితది. రేకు మీద వరిగడ్డి మందంగ పరువు, పడమటి దిక్కు గోనె పట్టాలు కట్టి మధ్యాహ్నం తడుపు. చలికాలం రాత్రి ఉత్తరం దిక్కు తార్పాలిన్ దించు. ఒక మాట యాది పెట్టుకో: గువ్వ ఎండల ఒక పక్కకు ఒరిగి, రెక్క పైకి లేపి కదలకుండ పడి ఉంటది. చచ్చిందని ఉరికి పోకు, ఎండ కాగుతున్నది.

తిండి గురించి. గువ్వ గింజను పొట్టు తియ్యదు, ఉన్నదున్నట్టు మింగుతది. కడుపుల నూరుకోవాలంటె సన్న ఇసుకరాయి, ఆల్చిప్పల పొడి ఎప్పుడూ ఒక చిన్న గిన్నెల ఉండాలె. సముద్రపు నురుగు ముక్క (దుకాణంల కటిల్‌బోన్ అంటరు) కూడ పెట్టు, గుడ్డు పెంకకు బలం. కొర్రలు, సామలు, వరిగలు ముఖ్యం, తైదలు కొన్ని. మక్కలు దాని గొంతుల పట్టవు. నేను ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయినప్పుడు తినే కొర్రలే తెస్త. విత్తనానికి పెట్టిన గింజకు మందు పట్టిస్తరు, రంగు కనబడుతది, దాన్ని దగ్గరికి రానియ్యకు. ఫించ్‌లు పొట్టు తీసి మూకుట్లనే వదులుతయ్. పైకి చూస్తే నిండుగ ఉంటది, కింద గింజ ఉండదు. పొద్దుగాల చాటల చెరిగి చూడు. నీళ్లకు సీసా కాదు, వెడల్పు మూకుడు పెట్టు, గువ్వ ముక్కు ముంచి పీల్చి తాగుతది. పిల్లలు మునగకుండ అందుల గులకరాయి వెయ్యి.

పిల్లలు కావాలంటె జత నిజమైన జతనేనా చూస్కో. మగదానికి కంటి చుట్టు ఎర్రటి వలయం వెడల్పుగ, మెరుస్త ఉంటది, ఆడదానికి సన్నగ. ఆడదాని రెక్కల మీద గోధుమ ఛాయ ఎక్కువ. మగది వంగి వంగి కూసుకుంట తోక విసనకర్ర లెక్క విప్పుతది. వయసు రాని పిల్లలల్ల ఇవేమీ తెల్వవు, దుకాణంల మాట మీద నమ్మి కొంటే మోసపోతవ్. గూట్లె నాలుగు గుడ్లు కనబడితే రెండూ ఆడవే అనుకో, ఒక గువ్వ పెట్టేది రెండే.

గూడు కట్టడం గువ్వకు సరిగ చేతకాదు. నాలుగు పుల్లలు అడ్డం పెట్టి గుడ్లు పెడుతది, జారి పడుతయ్. ఐదు అంగుళాల వెడల్పుండి లోతు తక్కువున్న బుట్టకు కొబ్బరి పీచు కుట్టి, భుజమంత ఎత్తుల, ఆకుల చాటుకు కట్టు. రెండు బుట్టలు కట్టు, నచ్చింది తీస్కుంటయ్. దారాలు, వెంట్రుకలు వెయ్యకు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటయ్. పగలు మగది, మాపటి నుంచి తెల్లారేదాక ఆడది పొదుగుతయ్. 13, 14 దినాలకు పిల్లలైతయ్. ఆరో దినం మొబైల్ టార్చి గుడ్డు వెనక పెడితే సన్న ఎర్ర నరాలు కనబడాలె. ఆ ఒక్కసారి తప్ప గూటి కాడికి పోకు.

మొదటి నాలుగైదు దినాలు తల్లి తండ్రి గొంతు సంచిల ఊరే పాలు తాపుతయ్. దానికి బదులు మనం చేతితోని చేసేది ఏదీ సరిగ పనికిరాదు. అప్పుడు తల్లి తండ్రికి ఉడికిన కోడిగుడ్డు పొడి పొడి చేసి రోజుకింత పెట్టు, గంట తర్వాత తీసేయ్యి. పన్నెండు, పద్నాలుగు దినాలకు పిల్లలు గూడు దిగుతయ్. చూస్తే గుండె జల్లుమంటది, గుప్పెడు కూడ ఉండవు, ఎగరడం రాదు. తీసి మళ్ల గూట్లె పెట్టకు, మళ్ల దుంకుతయ్. తండ్రి ఇంకో వారం పదిదినాలు కింద తిరుగుకుంట మేపుతది. ఆ దినాలల్ల వాన జల్లు లోపలికి కొట్టకుండ, నేల తడవకుండ చూడు. ఐదారు వారాలకు తండ్రే తరుమడం మొదలుపెడుతది, అప్పుడు వేరే పంజరంల వెయ్యి. ఏడాదికి మూడు నాలుగు సార్లు పిల్లలు తీసినంక బుట్టలు విప్పెయ్యి, లేకుంటే ఆడది ఎండిపోయేదాక పెడుతనే ఉంటది.

ఎప్పుడన్న గువ్వ ఈకలు ఉబ్బరించుకోని పగలే కళ్లు మూస్కుంటే రెండో దినం దాక ఆగకు. వేరు చేసి, వెచ్చగ ఉంచి, తాజా రెట్ట కాయితంల పట్టుకోని పశువుల డాక్టరు దగ్గరికి పో. నేనైతే మామునూరు వెటర్నరీ కాలేజీకి తీస్కపోత. వాళ్లను వీళ్లను అడిగి పావురాల మందు వేసేటోళ్లు ఉన్నరు, ఇంత చిన్న పిట్టకు ఆ మోతాదు విషం.

దసరా దాటినంక నువ్వే రా. పిల్లలు తీసిన జత ఒకటి నీ పేరున పక్కకు పెట్టిన. ఎండ తగ్గినంక కాజీపేటల మాపటి రైలు ఎక్కేటట్టు చూస్కో. అట్టపెట్టెకు బొక్కలు చేసి, అడుగున పాత తువ్వాల వేస్కోని రా. ఇంటికి పోంగనే చీకట్ల అర్రలకు వదలకు. రాత్రి పెట్టెల్నే ఉండనియ్యి, తెల్లారినంక గింజల మూకుడు పక్కన పెట్టి మూత తియ్యి. పదిహేను దినాలన్న అర్ర అంత వాటిదే. ఫించ్‌లను వేరే పంజరంల నెల దినాలు పెట్టి చూసినంకనే లోపలికి వదులు. తమ్మునికి చెప్పు, నేల వాలు తలుపు దిక్కు చేయించమని.

పెద్దబాపు
హన్మకొండ