డి డ్రైవ్‌లో రెండో ప్రోగ్రాం ఫైల్స్: ముందు పేరు మార్చండి, తర్వాత తీసేయండి

పాత హార్డ్ డిస్క్‌ను డి డ్రైవ్‌గా పెట్టుకున్నాక అందులో కూడా ప్రోగ్రాం ఫైల్స్, ప్రోగ్రాం ఫైల్స్ ఎక్స్86 అని రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, తీసేయొచ్చా అని అడిగారు. తీసేయొచ్చు. కాకపోతే ఇవాళే తీసేయకండి.

మాది పర్లాకిమిడి. బజార్లో డీటీపీ షాపు నడుపుతున్నాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది గానీ చుట్టరికాలు పాతపట్నం వైపు, టెక్కలి వైపు అలాగే ఉండిపోయాయి. అందుకే ఇక్కడ పెళ్లి కార్డంటే ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. వియ్యాలవారి పేర్లలో ఒక్క ఒత్తు తప్పినా మాట పడాల్సింది మేమే.

2020 జనవరిలో విండోస్ 7కి సపోర్టు ఆగిపోయింది. అప్పుడే 240 జీబీ ఎస్‌ఎస్‌డి (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచుకునే వేగమైన డ్రైవ్) వేయించి విండోస్ 10కి మారాను. పాత 500 జీబీ డిస్క్‌ను ఉన్నదున్నట్టుగా రెండో డ్రైవ్‌గా తగిలించి మెకానిక్ వెళ్లిపోయాడు. పాత విండోస్, పాత ప్రోగ్రాంలు అన్నీ అందులోనే. సరిగ్గా మాఘమాసం ముహూర్తాలు, ఊపిరి సలపనంత పని. మా అక్క కొడుకు సాయానికి వచ్చేవాడు. ఓ సాయంత్రం నేను ప్రూఫు చూపించి వచ్చేసరికి, "మావయ్యా, డి డ్రైవ్‌లో డబుల్ ఉన్నవన్నీ షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. ముప్పై ఎనిమిది జీబీ ఖాళీ అయింది" అన్నాడు సంతోషంగా.

షిఫ్ట్ డిలీట్ కొడితే ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మేము కార్డులు చేసే ప్రోగ్రాం విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. చేసిన పనంతా తన ఫోల్డర్‌లోనే దాచుకునేది. తొమ్మిదేళ్ల కార్డులు పోయాయి. మర్నాడు ప్రింటుకి వెళ్లాల్సిన పాతపట్నం వారి కార్డు కూడా అందులోనే.

వాణ్ని ఒక్క మాట అనలేదు. ప్రోగ్రాం ఫోల్డర్‌లో మన కష్టార్జితం ఉంటుందని వాడికెలా తెలుస్తుంది? తప్పంతా అలా తయారుచేసిన వాళ్లదే. మనిషి చేసిన పనిని, ప్రోగ్రాం సామాన్లను ఒకే చోట కలిపిపెట్టకూడదు. ఈ మాట ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

అది మామూలు హార్డ్ డిస్క్ కాబట్టి కొంత దక్కింది. అందులో డిలీట్ చేస్తే ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే తప్ప ఫైలు వెంటనే చెరిగిపోదు. ఆ డ్రైవ్‌లో ఇంకేమీ సేవ్ చేయకుండా ఆపేసి, వేరే డ్రైవ్ నుంచి రికవరీ ప్రోగ్రాం నడిపాం. ఎస్‌ఎస్‌డి అయితే డిలీట్ చేసినదాన్ని డ్రైవే చెరిపేసే ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఆ ఆశ దాదాపు ఉండదు. దొరికిన ఫైళ్లకు కూడా పేర్లు పోయి అంకెలు మిగిలాయి. పైగా పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. తెలుగులో పేరు కొట్టి వెతికితే ఒక్కటీ తగలదు. మన భాషల పని ఇన్నేళ్లు ఇలా బంధించి ఉంచారంటే నాకు ఇప్పటికీ బాధే. రెండు రాత్రులు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. పాతపట్నం వారి కార్డు మాత్రం దొరకలేదు. పెళ్లికూతురి పెదనాన్నగారు చేత్తో రాసిచ్చిన కాగితం, నాలుగు మూలలా పసుపు పెట్టింది, సొరుగులో ఉంది. అది ముందు పెట్టుకుని తెల్లారేసరికి రెండు పక్కలా మళ్లీ కొట్టాను.

ఇక మీ సంగతి. సి డ్రైవ్‌లో ఆ రెండు ఫోల్డర్లు ఉండడం సహజం. ఒకటి 64 బిట్ ప్రోగ్రాంలకు, రెండోది 32 బిట్ వాటికి. వాటి జోలికి పోవద్దు. డి డ్రైవ్‌లోవి పాత విండోస్‌వైతే కొత్త విండోస్‌కు వాటి ఊసే తెలియదు. కానీ కొత్తగా ఏదైనా ప్రోగ్రాంను మీరే డి డ్రైవ్‌లోకి ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది కూడా అక్కడే ఉండొచ్చు. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూడండి. డి అని మొదలైతే అది వాడుకలో ఉన్నట్టే, దాన్ని కదపకండి. పాత ఫోల్డర్‌లోని అన్‌ఇన్‌స్టాల్ ఫైలును మాత్రం నడపకండి, ఒక్కోసారి అది కొత్తదాన్ని పీకేస్తుంది.

అలాంటివేవీ లేకపోతే డి డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్ల పేరు చివర "పాత" అని చేర్చండి. విండోస్ ఒప్పుకోకపోతే లోపల ఏదో నడుస్తూ ఉండొచ్చు, లేదా పర్మిషన్ అడ్డు. పర్మిషనే అయితే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌ను మీ పేరుకు మార్చుకోవాలి. ఇది డి డ్రైవ్‌లో మాత్రమే. పేరు మారాక ఒక నెల మామూలుగా పని చేసుకోండి. ఏదీ మొరాయించకపోతే తీసేయండి. ఆ నెలలోనే మీరు చేసిన పనేమైనా ఉందేమో ఆ ఫోల్డర్లలో వెతకండి. పాత యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరున్న ఫోల్డర్ తెరిచి యాప్‌డేటా, లోకల్, వర్చువల్ స్టోర్ అన్న దారిలో కూడా చూడండి. పాత ప్రోగ్రాంలు తమ ఫోల్డర్‌లో రాయబోయిన ఫైళ్లను విండోస్ 7కి ముందటి విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ అక్కడికి మళ్లిస్తోంది. యాప్‌డేటా దాగి ఉంటుంది, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది.