కొలాబా కోటకు నడిచి వెళ్లేముందు

చిరంజీవి మేనల్లుడికి,

గోపాల్‌పూర్ నుంచి మావయ్య ఆశీస్సులు. మీరు మహారాష్ట్రలోని అలీబాగ్ వెళ్తున్నారని, నీరు తీశాక పిల్లల్ని అక్కడ సముద్రంలో ఉన్న కొలాబా కోటకు నడిపించుకెళ్తావని అక్క చెప్పింది. తప్పకుండా వెళ్లండి. 1680లో శివాజీ కట్టమన్న కోట అది. తర్వాత మరాఠా నౌకాదళాధిపతి కాన్హోజీ ఆంగ్రేకి ముఖ్య స్థావరం. చుట్టూ ఉప్పునీరే అయినా లోపల మంచినీళ్ల బావి ఉంది, పిల్లలకి చూపించు.

కానీ “సంద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు తెలీదా” అనుకోకు. మన తూర్పు తీరంలో భయమంతా కెరటంతోనే. చూడగానే జాగ్రత్తపడతాం. నీరు ఎక్కి దిగేది తక్కువ, ఒడ్డు ఏటవాలు, కాబట్టి పోటుకి పడవని కాస్త పైకి లాక్కుంటే సరిపోతుంది. అలీబాగ్‌లో నేల చదును. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీరు 4 మీటర్ల దాకా లేస్తుంది, ఒక్కోసారి ఇంకా పైన. పెద్ద చప్పుడు కూడా ఉండదు.

నీరు పూర్తిగా తీసిన ఆటు నుంచి నిండా ఎక్కిన పోటుకి 6 గంటల పైచిలుకు. ఆ నీరు గంటగంటకీ ఒకేలా పెరగదు. మొదటి గంటలో పన్నెండో వంతే లేస్తుంది, ఇంకా టైం ఉందిలే అనిపిస్తుంది. మూడో గంట, నాలుగో గంటల్లో మాత్రం సగం నీరు వచ్చేస్తుంది. అంటే 4 మీటర్లలో 2 మీటర్లు ఆ రెండు గంటల్లోనే. నీ చిన్నదాన్ని ముంచడానికి ఒక్క గంట చాలు. అందుకే తిరిగొచ్చే టైం ముందు ఖాయం చేసుకో. పూర్తి ఆటుకి గంట ముందు బయల్దేరు, ఆటు దాటిన గంటలోపు ఇవతలి ఒడ్డున ఉండు. ఫోటోల కోసం పది నిమిషాలు కూడా పెంచొద్దు.

రోజు ఎంచుకోవడం ముఖ్యం. పౌర్ణమి, అమావాస్యలకి అక్కడ ఆటు ఉదయం, సాయంత్రం సుమారు ఆరింటికి పడుతుంది. సాయంత్రం వెళ్తే వచ్చేసరికి చీకటి. ఆటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి తదియ, చవితి నాటికి ఎనిమిదీ తొమ్మిదికి వస్తుంది. నా ఉద్దేశంలో అవే మంచి రోజులు, నీరూ బాగా తీస్తుంది, వెలుతురూ ఉంటుంది. అష్టమి దగ్గర నీరు సరిగ్గా తీయదు, దారి తేలకపోవచ్చు. వానాకాలంలో అసలే వద్దు. నెట్‌లో టైం చూసుకున్నా సరే, ఒడ్డున గుర్రబ్బండి వాళ్లని “ఓహోటీ ఎప్పుడు” అని అడుగు, మరాఠీలో ఆటుని అలాగే అంటారు. వాళ్లు బళ్లు వెనక్కి తిప్పుతుంటే మీరూ తిరగండి.

నడిచేటప్పుడు నీరు ఎదురుగా మాత్రమే వస్తుందని అనుకోకు. పల్లాలు ముందు నిండుతాయి, అవి మీ వెనక, ఒడ్డు వైపే ఉండొచ్చు. వెళ్లేటప్పుడు చీలమండ లోతున్న చోటు గుర్తు పెట్టుకో. వచ్చేటప్పుడు అక్కడే పిక్కల దాకా ఉంటే పిల్లల్ని ఎత్తుకుని గబగబా నడవండి. రాళ్ల మీద పాచి, గుచ్చుకునే గుల్లలు ఉంటాయి, వట్టి కాళ్లతో వద్దు.

ఆలస్యమైపోతే మాత్రం పరుగెత్తి దాటాలని చూడకు, కోటలోనే ఉండిపో. పోటులో పడవలు తిరుగుతుంటే ఎక్కు, లేకపోతే మళ్లీ నీరు తీసేదాకా ఎనిమిదీ తొమ్మిది గంటలు కూర్చో. అందుకే నీళ్లు, తిండి, ఒక టార్చి వెంట ఉంచుకో.

తారీఖు అనుకోగానే ఫోన్ చెయ్యి, తిథి నేను చూసి చెప్తాను.

మీ మావయ్య