రైఫిల్ బ్యారెల్ ఏదైనా సరే, 401(కె) జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 36, గ్రీన్‌కార్డు ఉంది. భార్య ఉద్యోగం చేయడం లేదు, ఒక పాప. నెల ఖర్చు 5,200 డాలర్లు. సేవింగ్స్‌లో 6,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 3,800, వడ్డీ 24 శాతం. లాంగ్ రేంజ్ షూటింగ్ నా హాబీ, నెలకు వందకు పైగా రౌండ్లు కాలుస్తాను. నా రెమింగ్టన్ 700 రైఫిల్ (తూటా రకం 6.5 క్రీడ్‌మూర్) బ్యారెల్ 2,600 రౌండ్లకి అరిగిపోయింది. ముందే సిద్ధం చేసి అమ్మే ప్రీఫిట్ బ్యారెళ్లలో, నట్‌తో సర్ది బిగించే బ్యారెల్ నట్ ప్రీఫిట్ 450, పనిముట్లతో కలిపి 700 అవుతుంది. నట్ లేకుండా, బ్యారెల్‌కే ఉన్న మెట్టు (షోల్డర్) ఆనేదాకా తిప్పి బిగించే షోల్డర్డ్ ప్రీఫిట్ 750. దానికోసం కస్టమ్ యాక్షన్ (తూటాని గదిలోకి నెట్టి మూసే బోల్ట్ ఉండే భాగం), చాసిస్ (రైఫిల్‌ని అమర్చే లోహపు చట్రం), ట్రిగ్గర్ కూడా తీసుకుంటే మొత్తం 4,000. ఇకపై బ్యారెల్ మార్చడం తేలిక కాబట్టి దీర్ఘకాలంలో ఇదే ఆదా అని స్నేహితులు అంటున్నారు. 401(కె), అంటే కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా, మీద లోన్ తీసుకుంటే కట్టే వడ్డీ కూడా నాకే వస్తుంది. ఏది కొనమంటారు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు కెమెరా అంటారు, ఒకరు సైకిల్ అంటారు. వస్తువు మారుతుంది గానీ వరస మారదు. ఓ భాగం అరిగిపోతుంది. దాన్ని మార్చే వంకతో మొత్తం సెటప్‌కి బేరం మొదలవుతుంది. చేతిలో డబ్బుండదు, అప్పు తప్పదు. ఆ అప్పుకి ‘దీర్ఘకాలంలో ఆదా’ అని పేరు పెడతారు. మీ దగ్గర అరిగింది బ్యారెల్. మీరు కొనబోతున్నది రైఫిల్. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

ముందు ఆ ఆదా సంగతి తేల్చేద్దాం. నట్ దారిలో పనిముట్ల ఖర్చు ఒక్కసారే. రెండో బ్యారెల్ నుంచి మీరిచ్చిన ధరల ప్రకారమే 450కి ఎదురుగా 750 పెట్టాలి. అంటే మార్చిన ప్రతిసారీ 300 డాలర్లు ఎక్కువ. మీరు వందేళ్లు బతికి నెలనెలా కాల్చినా ఆ 4,000 వెనక్కి రాదు. హెడ్‌స్పేస్‌ని, అంటే మూసిన బోల్ట్‌కీ తూటా గది (ఛాంబర్)లో తూటా ఆగే చోటికీ మధ్య దూరాన్ని, సరిచూసే గో, నో-గో గేజ్‌లు కూడా వృథా పోవు. రేపు 6 క్రీడ్‌మూర్ తూటాకి మారినా అవే పనికొస్తాయి.

షోల్డర్డ్‌ది చెడ్డ పద్ధతని నేననడం లేదు. కొలతలు కచ్చితంగా ఉన్న కస్టమ్ యాక్షన్ ఇప్పటికే చేతిలో ఉండి, రెండు మూడు క్యాలిబర్ల బ్యారెళ్లు మార్చుకుంటూ పోటీలకు వెళ్లేవాళ్లకి అదే సుఖం. తిప్పి, టార్క్ రెంచ్‌తో బిగిస్తే చాలు, హెడ్‌స్పేస్ మళ్లీ అక్కడికే వస్తుంది. ఫ్యాక్టరీ 700ల్లో ఒక యాక్షన్‌కీ ఇంకో యాక్షన్‌కీ కొలతలు కొద్దిగా తేడా పడతాయి. ఆ తేడాని సర్దడానికే నట్. దానికి కాస్త ఓపిక కావాలి. బోల్ట్‌లోంచి ఎజెక్టర్ (ఖాళీ గుల్లని బయటికి తోసేది), ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది) తీసేసి, గో గేజ్ పెట్టి బోల్ట్ మూసి, బ్యారెల్‌ని ఆ గేజ్‌కి తగిలేదాకా తిప్పి నట్ బిగించాలి. బిగించేటప్పుడు బ్యారెల్ వెంట్రుకవాసి కదిలినా కొలత మారిపోతుంది. కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. రీకాయిల్ లగ్ (కాల్చినప్పటి తన్నుని స్టాక్‌కి అందించే పలక) పక్కకి తిరగకుండా చూసుకోవాలి. మీ స్టాక్‌లో (యాక్షన్, బ్యారెల్ కూర్చునే రైఫిల్ పిడి) నట్‌కి చోటుందో లేదో కూడా కొనకముందే కొలవండి. చేతి పని అలవాటు లేకపోతే గన్‌స్మిత్‌కి ఇచ్చేయండి, ఆ కూలి 4,000 ముందు లెక్కలోది కాదు. గురి విషయానికొస్తే, అది బ్యారెల్ నాణ్యత, ఛాంబర్ పనితనం మీద ఆధారపడుతుంది గానీ బ్యారెల్‌ని దేంతో బిగించారన్న దాని మీద కాదు.

కాబట్టి జవాబు నట్. కానీ ఇప్పుడే కాదు.

మీ దగ్గరున్న 6,000 ఒక నెల మీద వారం కూడా రాదు. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. మీరున్న రంగంలో లేఆఫ్ మెయిల్ వచ్చాక ఇంకో ఉద్యోగం దొరకడానికి నెలలు పట్టొచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారానే ఉండి ఉంటుంది. ఉద్యోగం పోయాక కోబ్రా (కంపెనీ ఇన్సూరెన్స్‌ని కొంతకాలం కొనసాగించుకోనిచ్చే అమెరికా చట్టం) కింద కొనసాగించాలంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో సహా 102 శాతం దాకా ప్రీమియం మీరే కట్టాలి. పాపతో ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ మానుకోలేరు కదా. అంటే ఆదాయం ఆగిన నెల నుంచే మీ 5,200 ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఒకే జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 31,200 డాలర్లు, అడిగిన మర్నాడు చేతికొచ్చేలా ఉండాలి. మూడు నెలలు చాలదా అని బేరమాడకండి, ఇద్దరు సంపాదించే ఇళ్లకి చెప్పే లెక్క అది.

ఇక 401(కె) లోన్. ‘వడ్డీ నాకే వస్తుంది’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ వడ్డీ మీ జేబులోంచే పోతోంది. తీసిన డబ్బు మార్కెట్లో పెరగాల్సింది పెరగదు. అసలు చిక్కు వేరే ఉంది. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని సాధారణంగా మరుసటి ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా సర్దాలి. లేకపోతే దాన్ని డబ్బు తీసేసుకున్నట్టే లెక్కకడతారు. పన్ను పడుతుంది, ఆపైన మీ వయసుకి 10 శాతం పెనాల్టీ. అంటే జీతం ఆగిన రోజుల్లోనే అప్పు మెడమీద కూర్చుంటుంది. ఒక రైఫిల్ కోసం!

క్రెడిట్ కార్డు సంగతి మీరు ఒక వాక్యంలో దాటేశారు, నేను దాటలేను. 3,800 మీద 24 శాతం అంటే నెలకి 76 డాలర్లు, ఏడాదికి 900 పైనే. రెండు నట్ బ్యారెళ్ల ఖరీదు బ్యాంకుకి ఊరికే పోస్తున్నారు. సేవింగ్స్‌లో ఒక నెల ఖర్చు ఉంచి, మిగతా 800 ఈ రోజే కార్డుకి కట్టేయండి. జీతంలో నెలకు ఎంత మిగులుతుందో మీరు రాయలేదు. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే. ఎంత మిగిలితే అంతా ముందు కార్డుకి, అది తీరాక అత్యవసర నిధికి.

అసలు హాబీ ఖర్చు కూడా బ్యారెల్‌లో లేదు, తూటాల్లో ఉంది. 450 పెట్టిన బ్యారెల్ 2,500 రౌండ్లు నడిస్తే రౌండుకి 18 సెంట్లు. ఫ్యాక్టరీ మ్యాచ్ తూటా ఒక్కోటి 1.60 అనుకున్నా నెలకు వందకి 160 డాలర్లు అవుతుంది. కార్డు తీరేదాకా కాల్చడం ఆపండి. లేదా పాత బ్యారెల్‌తోనే నెలకో ఇరవై రౌండ్లు కాల్చుకోండి, ప్రాక్టీస్‌కి అది చాలు. అరిగిందని ఖాయం చేసుకునే ముందు ఒకసారి గట్టిగా శుభ్రం చేసి, యాక్షన్ స్క్రూలు, స్కోప్ మౌంట్ బిగించి చూడండి. కార్డు తీరి, నిధిలో కనీసం సగం, అంటే మూడు నెలల ఖర్చు, చేరాక, ఆదా అయిన తూటాల డబ్బుతో నట్ ప్రీఫిట్ కొనుక్కోండి. అప్పటి నుంచి నెలకో 20 డాలర్లు పక్కన వేస్తే తర్వాతి బ్యారెల్ దానంతటదే వస్తుంది. పాత రైఫిల్ అమ్మి కస్టమ్ యాక్షన్ కొనే ఆలోచన నిధి పూర్తయ్యాక చూద్దాం.

మీ ఇంటి ఇన్సూరెన్స్ లేదా రెంటర్స్ (అద్దెకున్నవాళ్ల) పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. చాలా పాలసీల్లో తుపాకుల దొంగతనానికి 2,500 డాలర్లో అంతకు అటూ ఇటో పరిమితి ఉంటుంది. స్కోప్ కూడా అందులోకే వస్తుందా అని ఏజెంట్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.