నాయనమ్మ గోరుముద్దలు మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు 10 ఏళ్లు. ఎత్తు 135 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. మా అత్తగారు ముద్దపప్పు, నెయ్యి కలిపి ఫోన్ చూపిస్తూ తినిపిస్తారు. వద్దంటే ‘పిల్లాడికి నీ దిష్టే తగులుతుంది, బొద్దుగా ఉంటేనే అందం’ అంటారు. రోజూ గొడవే. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ టెన్షన్ సబబే. బాబు బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 25 దాటింది. పెద్దవాళ్ల లెక్క పిల్లలకు పనికిరాదు, పదేళ్ల మగపిల్లల చార్టులో ఇది ఊబకాయమే. అయితే మీ అత్తగారిని తప్పుపట్టకండి. తిండి లేక పిల్లలు చిక్కిపోయిన రోజులు చూసిన తరం ఆవిడది. ఆవిడను కలుపుకుంటేనే ఈ పని అవుతుంది.

ముందు ఫోన్ తియ్యండి. చూపు తెర మీద ఉంటే కడుపు నిండిన సంగతి తెలియదు. పదేళ్లవాడు తనే కలుపుకుని తినాలి, ‘చాలు’ అని వాడే చెప్పాలి. నాయనమ్మ పక్కన కూర్చుని కథ చెబితే ఎంతో మేలు. నెయ్యి చిన్న చెంచాడు చాలు. పప్పు ఉంచి, అన్నం కాస్త తగ్గించి, బీరకాయో ఆనపకాయో కూర ఎక్కువ పెట్టండి.

సాయంత్రం చిప్స్, కూల్‌డ్రింక్ బదులు మన చోడి (రాగి) అంబలి, మజ్జిగ కలిపి ఇవ్వండి. ఆవిడకు ఎలా కాచాలో నేను చెప్పక్కర్లేదు. బెల్లం మాత్రం వెయ్యొద్దు. బెల్లం మంచిదేగా అని చాలామంది వాదిస్తారు, బరువు దగ్గర అదీ చక్కెరే. పండగనాడు అరిసెలు తిననివ్వండి, డబ్బాల్లో నెలంతా నిల్వ పెట్టకండి.

ఇక ఆట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెడుగుడు, తొక్కుడుబిళ్ల, బీచ్ ఇసుకలో పరుగు ఏదైనా సరే. సింహాచలం వెళ్తే మెట్లదారిలో నెమ్మదిగా ఎక్కించండి. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఇప్పుడే వద్దు. బరువు కోసం ఉపవాసాలూ చేయించొద్దు.

వాడి ముందు ‘లావు’ అన్న మాట ఎవరూ అనకూడదు. బరువు వెంటనే తగ్గకపోయినా కంగారుపడకండి. పెరగకుండా నిలిస్తే, ఎత్తు పెరిగేకొద్దీ కొంత సర్దుకుంటుంది.

ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షల గురించి అడగండి. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారినా, నిద్రలో గురక పెడుతున్నా ఆలస్యం చేయొద్దు. ఆ రోజు మీ అత్తగారినీ తీసుకెళ్లండి. మీరు చెబితే కోడలి సాధింపులా వినిపించేది, డాక్టరు చెబితే ఆవిడ మనవడి కోసం వింటారు.